వాకపల్లి నేర్పిన పని

అక్కలారా, చెల్లెళ్లారా,

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లికి మావోయిస్టుల వేటకు పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ గాలింపుకొచ్చింది. తమపై అత్యాచారం జరిగిందని పదకొండు మంది కోందు తెగ ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. నిందితులు పోలీసులే, దర్యాప్తు చేసిందీ పోలీసులే. నిందితుల్ని ఆ ఆడవాళ్లచేత గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ కూడా పెట్టలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు విచారణకు నిలిచిన పదముగ్గురు పోలీసుల్నీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తును తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇప్పించమంది. పదహారేళ్లు పట్టుబట్టి నిలబడ్డ ఆడవాళ్లకు దక్కింది అంతే. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన ఊళ్లలో మొగుడో, మేస్త్రీయో చెయ్యిచేసుకున్న కేసులూ ఇలాగే మొదటి వారంలోనే దెబ్బతింటున్నాయి. అందుకే ఊరూరా ఇద్దరు ముగ్గురికైనా ఆనవాళ్లు కాపాడి కేసు నిలబెట్టే ఈ పని చేతనై ఉండాలి.

అత్యాచారం జరిగిందని తెలిసిన వెంటనే బట్టలు ఉతకనివ్వకండి. తడిగా ఉంటే నీడన ఆరబెట్టి, ఒక్కో బట్టను విడివిడిగా కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు బూజు పట్టి ఆనవాళ్లు పోతాయి. నాలుగు రోజులు దాటితే ఒంటినుంచి దూదిపుల్లతో తీసే స్వాబ్‌లో ఏమైనా దొరకడం కష్టం. స్నానం చేసేసినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎఫ్ఐఆర్ లేకపోయినా వైద్యం చెయ్యాల్సిందే, ప్రైవేటు ఆసుపత్రి అయినా డబ్బు అడగకూడదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు తప్పన్నది, ఒప్పుకోవద్దు. ఒంటిమీద గాయాలు లేనంత మాత్రాన నేరం జరగలేదని కాదు.

స్టేషన్లో "మా పరిధి కాదు" అంటే ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల్సిన జీరో ఎఫ్ఐఆర్ అడగండి. అత్యాచారం ఫిర్యాదు రాసుకోని అధికారికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు. ఈ ముక్క గట్టిగా చెబితే చాలాచోట్ల పెన్ను కదులుతుంది. అప్పటికీ కదలకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, ఆ తర్వాత మేజిస్ట్రేటు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, తీసుకోకుండా రావద్దు.

మనవాళ్ల చేతుల్లోనే జరిగే నష్టం ఒకటుంది. నిజనిర్ధారణకని ఒక బృందం వెళ్తుంది, మర్నాడు ఇంకోటి, మధ్యలో విలేకరులు. బాధితురాలు ఆ భయంకరమైన రాత్రిని పదిసార్లు చెప్పాలి. పదిచోట్లా పది మాటలు కొంచెం అటూఇటూ అవుతాయి. క్రాస్ ఎగ్జామినేషన్లో డిఫెన్స్ వకీలు వాళ్లు రాసుకున్న ఆ కాగితాలే ముందు పెట్టి "ఇందులో నిజం ఏది?" అంటాడు. కాబట్టి ఒకరే, అదీ ఆమె నమ్మిన ఆడమనిషే, ఒకసారి వినాలి. ఆమె మాటల్లోనే రాయాలి, మన నినాదాలు కలపకూడదు. ఆమెది కోందుల భాష కువి అయితే దుబాసీ ఊరి ఆడమనిషే కావాలి, స్టేషన్ మనిషి వద్దు. ఫొటో, పేరు వాట్సాప్‌లో పెడితే అదీ నేరమే.

ఇంట్లో హింస అయితే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పొచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయంచేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లొచ్చు. 2005 గృహహింస చట్టం కింద వేసిన దరఖాస్తు మూడు రోజుల్లో విచారణకు రావాలి. పెద్దమనుషుల రాజీ పంచాయితీలో ఆమె సంతకం పెట్టేలోపే మనం అక్కడుండాలి.

ఇక మిగిలింది ఏళ్లతరబడి తిరగడం. వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, పిల్లల్ని ఎవరో చూడాలి. ఒక నోటుబుక్కు పెట్టి వాయిదా తేదీ, తోడు వెళ్లేవాళ్ల పేరు, ఖర్చు రాయండి. ఆమె ఒక్కతే కోర్టు మెట్లెక్కిన వాయిదా ఆ పుస్తకంలో ఒక్కటీ ఉండకూడదు.