సరిహద్దు దగ్గర మన ఇంటిపేరు

శ్రోతలకు నమస్కారం.

మన గోదావరి డెల్టా వాళ్లకి సరిహద్దు దాటడం కొత్తేమీ కాదండి. ఎదుర్లంక వారధి మీద ఆటో ఎక్కితే, గౌతమి దాటేసరికి ఆంధ్రప్రదేశ్ అయిపోయి పుదుచ్చేరి వచ్చేస్తుంది. అదే మన యానాం. వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. వచ్చేటప్పుడు మాత్రం సంచిలో సీసాలేమైనా ఉన్నాయా అని ఒక్కోసారి చూస్తారు, ఆ సంగతి ఇక్కడ వద్దులెండి. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్లది. ఇటు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు తప్పన్నాక, మన వైపు పెద్దలు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి మూడుముళ్లూ వేయించుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా పడింది. చేసింది మంచి పని కాదు గానీ, గీత దాటితే చట్టం మారిపోతుందన్న సంగతి మాత్రం మనవాళ్లకి అప్పుడే తెలుసు.

నేను ఇప్పుడు చెప్పేది ఇంకొంచెం దూరపు గీత గురించి, అది దాటడానికి కావాల్సిన కాగితాల గురించి. మన ఊళ్ల నుంచి బయల్దేరే కాశీయాత్ర బస్సులు ఈమధ్య కాశీతో ఆగడం లేదు. గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలీ వెళ్తున్నాయి. అక్కడ గేటు దాటితే నేపాల్. లుంబిని, పోఖరా, ముక్తినాథ్, పశుపతినాథ్ అన్నీ చూపించి తీసుకొస్తున్నారు. మన ఇళ్లల్లో తరాల నుంచి పూజలందుకుంటున్న సాలగ్రామాలు ఆ ముక్తినాథ్ దగ్గర పారే గండకీ నదివే. అంచేత మన పెద్దవాళ్లకి ఆ ఊరంటే అంత ఆశ. నేను బడిపంతులుగా రిటైరయ్యాక రెండుసార్లు మావాళ్లతో కలిసి వెళ్లాను. దస్తూరీ బాగుంటుందని అందరి కాగితాలూ నా చేతికిచ్చేవారు. అలా తెలిసినవే ఈ నాలుగు మాటలూ.

బస్సు మాట్లాడుకోగానే మొదట వినపడే మాట ఇదండి: “నేపాల్‌కి వీసా అక్కర్లేదటగా, ఆధార్ జేబులో పెట్టుకుని పోదాం.” ఇందులో సగమే నిజం. 1950లో భారత్, నేపాల్ చేసుకున్న ఒప్పందం వల్ల మనకి వీసా అవసరం లేదు. కానీ మనం భారతీయులమని చూపించే కాగితం ఉండాలి. ఆధార్ ఆ పని చెయ్యదు. ఆధార్ చెప్పేది ఫలానా మనిషి ఇక్కడ నివాసం ఉంటున్నాడని మాత్రమే. మన దేశంలో ఆర్నెల్లు పైగా ఉన్న విదేశీయుడికి కూడా అది ఇస్తారు. ఓటు మాత్రం ఈ దేశపు పౌరుడికి తప్ప మరొకరికి ఉండదు. అందుకని పాస్‌పోర్ట్ అయినా ఉండాలి, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు అయినా ఉండాలి.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. 65 ఏళ్లు పైబడినవాళ్లూ, 15 ఏళ్ల లోపు పిల్లలూ ఆధార్ లాంటి ఫొటో ఉన్న గుర్తింపు కార్డుతో వెళ్లొచ్చు. 15 నుంచి 18 మధ్య పిల్లలకి బడి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం సరిపోతుంది, దానికో నమూనా ఉంది, ఆ ప్రకారమే రాయించుకోవాలి.

ఇక్కడే మా వదిన సంగతి చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్దామనుకున్నాం. ఎప్పుడు పుట్టావు వదినా అంటే, “పుష్కరాలు వెళ్లిన మరుసటేడు, మామిడిపూత అప్పుడు” అంటుంది. ఆ లెక్కన ఆవిడకి 67. ఆధార్ కార్డు రాయించిన రోజున అక్కడున్న కుర్రాడు ఏదో ఒక ఏడు వేసి, జనవరి ఒకటి అని పెట్టేశాడు. దాని ప్రకారం 64. గేటు దగ్గర పుష్కరాల లెక్క చెల్లదు కదండీ. చివరికి పెట్టె అడుగున ఓటరు కార్డు దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. సోనౌలీలో గేటు దాటి నడిచిపోయే జనంలో చాలామందిని ఎవరూ ఆపరు. అటువాళ్లు ఇటు కూరగాయలకొస్తారు, ఇటువాళ్లు అటు చుట్టాలింటికి వెళ్తారు. అది చూసి మనవాళ్లు ఇంతేనా అనుకుంటారు. ఆ కాగితంతో పని పడేది గేటు దగ్గర కాదు, ఆ తర్వాత.

రెండోసారి మా బావగారికి అలాగే పని పడింది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంటుంది. సముద్రమట్టానికి జానెడు ఎత్తున పుట్టి పెరిగిన మనిషి, అక్కడికెళ్లేసరికి ఊపిరాడక పడిపోయారు. కిందకి దించి, ఖాట్మండులో డాక్టరుకి చూపించి, బస్సు ప్రయాణం వద్దు, విమానంలో పంపేద్దామనుకున్నాం. టిక్కెట్టుకి డబ్బు కూడా సర్దాం. తీరా చూస్తే ఆయన దగ్గర ఉన్నది ఆధార్ ఒక్కటే. వయసేమో 62. విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో అడుగుతారు. కార్డు అమలాపురంలో బీరువాలో ఉంది. యాత్ర కుదిర్చినాయన బయల్దేరేముందు ఆధార్ చాలన్నాడు, ఈయన నమ్మాడు. ఏం చేస్తాం, కారు మాట్లాడుకుని రోజంతా కొండల్లో కుదుపులు తింటూ మళ్లీ సోనౌలీకే దిగాం. అందుకే చెప్తున్నాను, వెళ్లేది బస్సులోనైనా, విమానంలో తిరిగి రావాల్సొస్తే పనికొచ్చే కాగితం దగ్గర పెట్టుకోండి.

సరే, కార్డు ఉంది. అందులో ఏముంది? మన గోదావరి జిల్లాల వాళ్లకి అసలు చిక్కు ఇక్కడ. అన్నవరం సత్యదేవుడి దయవల్ల మన వైపు ఇంటికో సత్యనారాయణ, వీధికో వీర వెంకట సత్యవతి. ఓటరు కార్డులో పేరు మొత్తం ఉంటుంది. ఆధార్‌లో మూడు పొడి అక్షరాలూ చివర సత్యవతీ ఉంటాయి. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికెళ్లిపోతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరకొస్తే, సత్యవతిలో ‘టి’ పక్కన ‘హెచ్’ ఒక కార్డులో ఉంటుంది, ఇంకో కార్డులో ఉండదు. మనకి అది ఒకే మనిషి. తెలుగు చదవడం రాని అధికారికి ఇద్దరు మనుషులు.

ఆడవాళ్ల కార్డులైతే మరీనూ. టెన్త్ సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది, ఓటరు కార్డులో అసలు ఇంటిపేరే లేదు. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి విడివిడిగా ఇస్తారు. అక్కడ పొరపాటున అన్నీ ఒకే గడిలో నింపేసి, తర్వాత వేరే దేశపు వీసాకి తంటాలు పడ్డవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

అన్ని కార్డులూ ఒకేలా చేయించాలని కూర్చుంటే జన్మ చాలదండి. నేను చేసేది ఒకటే. గేటు దగ్గర ఏ కాగితం చూపిస్తామో ముందే తేల్చుకోవాలి. ఆ ఒక్కదాన్నీ సరిగ్గా పెట్టుకుని, బస్సు జాబితాలో, హోటల్లో, విమానం టిక్కెట్టులో దాని మీద ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా రాయించాలి. ఓటరు కార్డులో తప్పుంటే ఫారం 8 పెట్టాలి. ఫోన్లో పెట్టొచ్చు, చేతకాకపోతే మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారికి, అదే బీఎల్‌వోకి, ఇవ్వొచ్చు. ఎన్నికల సంఘం హెల్ప్‌లైన్ నంబరు 1950. నేపాల్ ఒప్పందం జరిగిన ఏడే! మర్చిపోకుండా ఉండటానికి నాకదే గుర్తు. ఫొటో కూడా చూసుకోండి. ఇరవై ఏళ్లనాటి నలుపు తెలుపు బొమ్మలో మీసాలున్న కుర్రాడికీ, ఇప్పటి బట్టతల పెద్దమనిషికీ పోలిక కుదరాలి కదా. ఈ పనికి మూడు నెలలు ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

పాస్‌పోర్ట్ తీసుకుంటే ఈ గొడవలు చాలావరకు తగ్గుతాయి. మామూలు పుస్తకానికి 1,500 రూపాయలు, పెద్దవాళ్లకి పదేళ్లు చెల్లుతుంది. భీమవరంలో సేవా కేంద్రం ఉంది. గల్ఫ్‌కి వెళ్లొచ్చిన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది, గడువు తీరిందేమో చూడండి.

ఇక అమెరికా మనవళ్లు. ఇది అందరికీ అక్కర్లేదు గానీ, ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. సెలవులకొచ్చిన మనవణ్ణి కూడా ముక్తినాథ్ తీసుకెళ్దామంటారు తాతయ్యలు. వాడు అక్కడ పుట్టాడు, వాడిది అమెరికా పాస్‌పోర్ట్, మన దేశానికి ఓసీఐ కార్డు మీద, అంటే విదేశీ పౌరులైన మన సంతతివాళ్లకిచ్చే కార్డు మీద వచ్చాడు. కాబట్టి గేటు దగ్గర తాతయ్య సంగతి వేరు, మనవడి సంగతి వేరు. తాతయ్యకి ఏ ముద్రా అక్కర్లేదు. మనవడి పాస్‌పోర్ట్ మీద మాత్రం మన ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో బయటికెళ్లినట్టు ముద్ర పడాలి, అటు నేపాల్ ఆఫీసులో వీసా తీసుకోవాలి. పర్యాటక వీసా 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50 డాలర్లు. డాలర్ నోట్లు చేతిలో ఉంచుకోవడం మంచిది. ఆ ఆఫీసులు దుకాణాల మధ్య కలిసిపోయి ఉంటాయి. బస్సు ఆగకుండా పోతే తెలియకుండానే దాటేస్తాం. ముద్ర లేకుండా లోపలికెళ్లిన మనిషి మళ్లీ బయటికి రావాలంటే ఎంత సంజాయిషీ చెప్పుకోవాలో ఊహించండి. డ్రైవరుకి ఒకటికి రెండుసార్లు చెప్పి బస్సు ఆపించండి. ఓసీఐ కార్డు ఇంట్లో పెట్టి రాకండి, తిరిగి మన దేశంలోకి రావడానికి అదే తలుపు.

సొంత కారులో వెళ్లేవాళ్లు నేపాల్ వైపు కస్టమ్స్‌లో రోజుల లెక్కన పర్మిట్ కట్టాలి. దాన్ని అక్కడ భన్సార్ అంటారు. బండి కాగితాలు అసలువే ఉండాలి. బండి బావమరిదిదైతే అతను రాసిచ్చిన కాగితం కూడా.

భూటాన్ వెళ్లేవాళ్లకి పద్ధతి వేరు. పశ్చిమ బెంగాల్‌లోని జైగావ్ నుంచి ఫుంట్‌షోలింగ్ గేటు దాటి లోపలికి వెళ్లాలంటే పర్మిట్ తీసుకోవాలి. దానికీ పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి, పిల్లలకి ఇంగ్లీషులో ఉన్న జనన ధ్రువపత్రం కావాలి. 2022 సెప్టెంబరు నుంచి మనవాళ్లు మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుం కూడా కట్టాలి. నేపాల్‌లాగే అనుకుని నలుగురు వారం రోజులకి బయల్దేరితే, గదీ భోజనం కాకుండా ఎంతవుతుందో ఇంట్లోనే లెక్కేసుకోండి.

ఒక చిన్న సంగతి. కాగితాలన్నీ ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు. గేటు దాటాక రోమింగ్ వేయించకపోతే మన సిమ్ పలకదు. ఓటీపీ రాదు, డిజిలాకర్ తెరుచుకోదు. అసలు కార్డులు ఒక సంచిలో, రెండేసి జిరాక్సులు ఇంకో సంచిలో పెట్టుకోండి. 1986 వరదలో ట్రంకుపెట్టెతో సహా కాగితాలు పోగొట్టుకున్న లంక ఊళ్లవాళ్లకి ప్లాస్టిక్ కవరు సంగతి నేను చెప్పక్కర్లేదు. డబ్బు విషయంలో వందనోట్లు ఎక్కువ ఉంచుకోండి. పెద్ద నోట్ల మీద అక్కడి నిబంధనలు ఒకటికి రెండుసార్లు మారాయి. వెళ్లే నెలలో ఇవన్నీ మళ్లీ ఒకసారి కనుక్కోవాలి.

ఈసారి కార్తీక పౌర్ణమి వెళ్లాక మా వీధి నుంచి ఇంకో బస్సు బయల్దేరుతోంది. డబ్బు తర్వాత, ముందు కార్డులు తెండన్నాను. ముప్పైఎనిమిది వచ్చాయి. పక్కింటి పిన్నిగారి ఓటరు కార్డులో పేరు సరిగ్గానే ఉంది, పుట్టిన తేదీ ఉంది, ఫొటో కూడా ఆవిడదే. లింగం అన్న చోట మాత్రం పురుషుడు అని ఉంది. పద్దెనిమిదేళ్ల నుంచి ఆ కార్డుతోనే ఓటేస్తున్నారు, ఎవరూ చూడలేదు. ఫారం 8 పెట్టాం. కొత్త కార్డు కోసం పిన్నిగారు రోజూ పోస్ట్‌మాన్ వచ్చే వేళకి అరుగు మీద కూర్చుంటున్నారు.

నమస్కారం.