యుద్ధంలో సొంత సైనికుడికే మరణశిక్ష: న్యాయమా, భయపెట్టడమా?

యాంకర్: మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికితనం చూపారనీ బ్రిటిష్ ఆర్మీ సొంత సైనికుల్నే నిలబెట్టి కాల్చేసింది. 2006లో 306 మందికి క్షమాభిక్ష ఇచ్చారు. కల్నల్ గారూ, అప్పటి శిక్షల్ని ఇప్పుడు తప్పుపట్టొచ్చా?

రిటైర్డ్ కల్నల్: చూడండి, ట్రెంచ్‌లో, అంటే సైనికులు దాక్కుని పోరాడే కందకంలో, ఒకడు వెనక్కి తిరిగితే పక్కోడి ప్రాణం పోతుంది, స్టూడియోలో ఏసీ కింద కూర్చుని తీర్పు చెప్పడం తేలికే. పైగా 3 వేల పైచిలుకు మరణశిక్షల్లో పదింట తొమ్మిది పైవాళ్లు తగ్గించేశారు కదా, కనికరం లేదని ఎలా అంటాం?

లాయర్: సార్, మరి ఆ పదోవాడిని ఎట్లా తేల్చారన్నదే నా గొడవ. హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుణ్ని తీసుకోండి, 25 ఏళ్లోడు, షెల్ షాక్‌తో, అంటే యుద్ధం వల్ల మనసు దెబ్బతిని, 1915లో నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు, చేతులు వణికి ఇంటికి ఉత్తరం కూడా నర్సుతో రాయించుకున్నాడట, మళ్లీ ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధరంగానికి పంపారు, ముందుకెళ్లనన్నాడు, విచారణ 20 నిమిషాలు. ఇరవై అండీ! తన తరఫున మాట్లాడేవాడే లేడు. 1916 అక్టోబర్ 18న కాల్చేశారు, భార్యకి పెన్షన్ కూడా ఇవ్వలేదు.

కల్నల్: ఫార్ కేసు ఘోరమే, నేనేం వెనకేసుకురాను. కానీ ఆ ఒక్క కేసుతో మొత్తం డిసిప్లినే వద్దంటే...

లాయర్: వద్దని ఎవరన్నారు? ఆస్ట్రేలియా వాళ్లు అదే యుద్ధంలో, అదే బురదలో ఉన్నారు. వందకు పైగా మరణశిక్షలు పడ్డాయి, ఒక్కటీ అమలు కాలేదు, వాళ్ల చట్టం ప్రకారం గవర్నర్ జనరల్ ఒప్పుకోవాల్సిందే మరి. వాళ్లేమన్నా పారిపోయారా? బ్రిటనే 1930లో వీటికి మరణశిక్ష తీసేసి రెండో ప్రపంచ యుద్ధం చేసింది.

యాంకర్: అయితే 2006తో న్యాయం జరిగినట్టేనా?

లాయర్: సగమే. క్షమాభిక్ష అన్నారు గానీ తీర్పునీ శిక్షనీ కొట్టెయ్యలేదు, కాగితం మీద వాళ్లు ఇంకా దోషులే. అదేం క్షమాభిక్షో నాకు అర్థం కాదు.

యాంకర్: మరి మన దగ్గర?

కల్నల్: యాక్టివ్ సర్వీస్‌లో, అంటే యుద్ధ విధుల్లో ఉండగా, డిజర్షన్‌కి, అంటే సైన్యం వదిలి పారిపోతే, మరణశిక్ష 1950 ఆర్మీ యాక్ట్‌లో ఇప్పటికీ ఉంది. ఉండాలి కూడా, వాడకపోయినా భయం ఉండాలి.

లాయర్: ఉంటే ఉండనీండి సార్, కానీ కోర్ట్ మార్షల్, అంటే సైనిక కోర్టు, తీర్పు మీద అప్పీల్‌కి ట్రిబ్యునల్ పెట్టే చట్టం 2007లో గానీ రాలేదు, అప్పటిదాకా జవాను పిటిషన్లు పెట్టుకోవాలి, కాదంటే హైకోర్టుకి రిట్ వేసుకోవాలి.

కల్నల్: ఆ ట్రిబ్యునల్ ఎప్పుడో రావాల్సింది, దాంట్లో మీతో నాకు పేచీ లేదు.