గూట్లో దొరికిన ఎర్రబల్బు పెట్టె

వ్యాఖ్యాత: నమస్కారం. ఇల్లు మారినప్పుడో, పాత ఇల్లు సర్దేటప్పుడో ఏమిటో తెలియని కరెంటు సామాను చేతికి తగులుతుంటుంది. టీవీలు, రేడియోలు బాగుచేయడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్ గారు ఇవాళ మనతో ఉన్నారు. మొదటి కాల్ కరీంనగర్ నుంచి.

కాలర్: నమస్తే అన్నా. పోయిన వారమే కిరాయి ఇంట్లో దిగినం. హాల్లో గోడ నుంచి సన్నటి పసుపు వైరు వేలాడుతోంది. చివర ఆకుపచ్చ పిన్ను, దానికో చిన్న క్యాప్. కరెంటు వైరా అని భయం.

మెకానిక్: అందులో కరెంటే ఉండదు తమ్ముడూ. అది ఫైబర్ ఇంటర్నెట్ లైను. లోపల వెంట్రుకంత గాజు పోగు, దాంట్లో వెలుగు పోతుంది. ఆ వెలుగు కంటికి కనపడదు, అందుకే క్యాప్ తీసి లోపలికి చూడొద్దు. గట్టిగా మడిస్తే విరుగుతుంది. ఎవరు వేయించారో ఓనర్‌ని అడగండి, మీకే పనికి రావచ్చు.

వ్యాఖ్యాత: ఇప్పుడు తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి. మా మామయ్యగారు పోయి ఏడాదైంది. ఆయన ఇంటికి రంగులు వేయిస్తుంటే, హాల్లో గూటి వెనక అరచేయంత రేకు పెట్టె బయటపడింది. ఒక నాబ్, చిన్న ఎర్రబల్బు, వెనక నాలుగు స్క్రూలు. పనివాళ్లు కెమెరా ఏమో అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

మెకానిక్: ప్లగ్గు పెట్టి చూశారా?

కాలర్: మా అబ్బాయి పెట్టబోతే ఆపేశాను.

మెకానిక్: చాలా మంచి పని చేశారమ్మా. అదేమిటో తెలుసుకోవడానికి కరెంటు ఇచ్చి చూడటం చాలా ప్రమాదం. పాత వైరు తొడుగు ఎండి, చేత్తో నలిపితే పొడిలా రాలుతుంది. లోపలి తీగ రేకుకు తగిలిందంటే పెట్టె మొత్తం షాక్ కొడుతుంది. పెట్టె సంగతి అలా ఉంచి, స్క్రూల దగ్గరున్న వైరు ఎలా ఉందో చెప్పండి.

కాలర్: బద్దలా చపటాగా ఉంది. రెండంచుల్లో తీగలు, మధ్యలో ప్లాస్టిక్. కిటికీలోంచి డాబా మీదికి పోయింది. ఫోన్ పట్టుకుని పైకే వచ్చాను. ఇనుప పైపు మీద చేపముల్లులా కడ్డీలున్నాయి.

మెకానిక్: పొట్టి కడ్డీలు ఎటు చూస్తున్నాయి?

కాలర్: ఉత్తరానికి. కాస్త పడమరగా.

మెకానిక్: అంటే కొండపల్లి వైపు! అక్కడి కొండ మీద దూరదర్శన్ టవర్ ఉంది, మీకు నలభై కిలోమీటర్ల పైమాటే. కెమెరా కాదమ్మా, అది యాంటెన్నా బూస్టర్. అంత దూరం నుంచి వచ్చేసరికి సిగ్నల్ నీరసించిపోతుంది, వైరు దిగేలోపు ఇంకా తగ్గుతుంది. అందుకే పైన, యాంటెన్నా దగ్గరే ఒక చిన్న డబ్బా పెట్టి దాన్ని పెంచేవాళ్లం. ఆ డబ్బాకు కావలసిన కొద్దిపాటి కరెంటును ఈ కింది పెట్టె అదే బద్ద వైరులో పైకి పంపేది. ఒకే వైరులో బొమ్మ కిందికి, కరెంటు పైకి! ఈ పని నేర్చుకునే రోజుల్లో నాకదెంత ముచ్చటగా ఉండేదో.

వ్యాఖ్యాత: ఇప్పుడు పెడితే ఏమైనా వస్తుందా?

మెకానిక్: రాదండి. 2022 మార్చి నాటికి ప్రసార భారతి పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా ఆపేసింది.

కాలర్: మా వారు మాట్లాడతారట.

కాలర్ భర్త: నమస్కారమండి. ఆదివారం సినిమాకు ముందు ఆ పైపు తిప్పింది నేనే. ‘వచ్చిందా?’ అంటే, కిటికీలోంచి నాన్న ‘చుక్కలు... ఇంకొంచెం... ఆఁ, ఆపు!’ అనేవారు. బొమ్మ కుదిరిన చోట పైపు మీదా, గోడ మీదా కలిసేలా ఎర్ర పెయింటుతో గీత గీశారు. ఇప్పుడే చూశాను, ఇంకా ఉంది.

మెకానిక్: గాలికి తిరిగిపోతే మళ్లీ ఆ గీత దగ్గరికి తెచ్చేవారన్నమాట. ఎంత ఓపికండీ ఆయనకు! బాబూ, ఆ పైపు ఎంత పొడవు? దగ్గర్లో కరెంటు తీగలున్నాయా?

కాలర్ భర్త: పదిహేను అడుగులుంటుంది. వీధి లైను ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది. ఆదివారం నేనూ మా అబ్బాయీ దించేద్దామనుకున్నాం.

మెకానిక్: వద్దు బాబూ, దయచేసి మీరు చేయి వేయకండి. అడుగున తుప్పు పట్టిన పైపు ఎటు ఒరుగుతుందో పట్టుకున్నవాళ్లకు తెలియదు. తీగ మీద పడిందంటే ప్రాణాలే పోతాయి. పెట్టె చూసి భయపడ్డారు గానీ, అసలు భయం ఆ పైపుతోనే. లైన్‌మన్‌కు చెప్పి, సప్లై ఆపించి, తెలిసిన మనిషితో దించండి. ఈలోగా ప్లగ్గు తీసే ఉందని చూసుకుని, ఆ బద్ద వైరును ఇంట్లోంచి తప్పించండి. ఉరుములు లేని రోజే చేయండి. పిడుగు పడితే అది ఇంట్లోకి దారి.

కాలర్ భర్త: అలాగేనండి. మరి ఆ పెట్టె ఉంచుకోవచ్చా?

మెకానిక్: ఎవరూ పొరపాటున పెట్టకుండా ప్లగ్గు కత్తిరించేసి, నిశ్చింతగా ఉంచుకోండి. పైపు దించే ముందు ఆ ఎర్ర గీతకు ఒక ఫొటో తీసుకోండి.