కాలి వాపూ మనిషి తీరూ: లింఫ్ గురించి కర్నూలులో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. పొదుపు సంఘాల అక్కలకు, రిటైరైన పెద్దలకు, వెనక నిలబడి ఉన్న పిల్లలకు కూడా.

కాల్లో కంపముల్లు దిగి, అది చీము పట్టి, ఒకట్రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కట్టడం తెలియనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. ముల్లు దిగింది అరికాల్లో, బిళ్ళ కట్టింది గజ్జల్లో. మధ్యలో పిక్క ఉంది, మోకాలు ఉంది, తొడ ఉంది, అక్కడ మాత్రం ఏమీ లేదు. మరి అరికాలి కబురు గజ్జ దాకా ఏ దారిన పోయింది? రక్తనాళాలు కాకుండా ఒంట్లో ఇంకో దారి ఉంది, దాని గురించి చెబుదామనే వచ్చాను. నేను ఫిజియోథెరపిస్టును, వాచిన కాళ్ళకూ చేతులకూ కట్లు కట్టడం నా రోజువారీ పని, అందుకే ఈ విషయం మీద నాకు కాస్త ప్రేమ ఎక్కువ, మధ్యలో ఎక్కువసేపు మాట్లాడితే ఏమనుకోకండి.

గుండె కొట్టిన రక్తం వెంట్రుక కన్నా సన్నటి నాళాల దాకా పోతుంది. అక్కడ రక్తంలోని నీరు కొంత గోడల్లోంచి ఊరి బయటికి వచ్చి కండనూ చర్మాన్నీ తడుపుతుంది. ఆ నీరు మళ్ళీ రక్తంలో కలవాల్సిందే. నేరుగా కలవకుండా మిగిలిపోయేది, రోజుకు సుమారు 3 లీటర్లు, లింఫ్ నాళాల్లోకి వెళ్తుంది, బయటికి జారిన ప్రోటీన్లను కూడా వెంట తీసుకెళ్తుంది. స్కూల్లో శోషరసం అని చదువుకున్నది దీన్నే. కె.సి. కెనాల్ కింద భూములున్న వాళ్ళకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది: సుంకేసుల నుంచి నీళ్ళు వస్తే సరిపోదు, చేలో మిగిలిన నీరు దిగిపోవడానికి మురుగు కాలువ ఉండాలి, అది పూడిపోతే బంగారం లాంటి భూమి కూడా కొన్నేళ్ళకు చౌడెక్కుతుంది. లింఫ్ దారి మూసుకుపోయిన కాలు కూడా అంతే. మొదట మెత్తగా వాస్తుంది, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి దిగుతుంది, పట్టించుకోకపోతే ఏళ్ళ మీద లోపల కొవ్వు చేరి, పీచు పట్టి గట్టిపడుతుంది, ఇక ఎంత ఎత్తు మీద పెట్టుకున్నా తగ్గదు.

ఈ దారి పొడుగునా కాపలా ఉంటుంది. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్ట లోపల, మొత్తం సుమారు 600 లింఫ్ గ్రంథులు. వచ్చిన నీటిని జల్లెడ పట్టి, అందులో క్రిములుంటే తెల్లకణాలు అక్కడే పట్టుకుంటాయి, ఆ పోరాటంలో గ్రంథి ఉబ్బుతుంది, మనం బిళ్ళ కట్టింది అంటాం. రెండు కాళ్ళ నుంచీ, పొట్ట నుంచీ, ఎడమ చేతి నుంచీ వచ్చే లింఫ్ అంతా ఒకే పెద్ద నాళంలో చేరి ఎడమవైపు మెడ కింది అడ్డ ఎముక, అంటే కాలర్ బోన్ దగ్గర రక్తంలో కలుస్తుంది. అందుకే ఎడమ కాలర్ బోన్ పైన ఉన్న గుంటలో గట్టి గడ్డ తగిలితే డాక్టర్లు పొట్టకు పరీక్షలు రాస్తారు. గడ్డ మెడలో ఉంటే పొట్ట చూడటమేమిటని కోప్పడకండి. కడుపులో క్యాన్సర్ ఈ దారినే అక్కడి దాకా వస్తుందని విర్కో అనే జర్మన్ డాక్టరు 19వ శతాబ్దంలోనే గమనించాడు.

పొద్దున మీరు తిన్న ఉగ్గాని, బజ్జి సంగతి కూడా చెప్పాలి. బొరుగుల్లోని పిండిపదార్థం పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి పోతుంది. బజ్జిలోని నూనె మాత్రం చాలావరకు లింఫ్‌లోకి పోతుంది, ఆ కాసేపు లింఫ్ పాలలా తెల్లగా ఉంటుంది. 1622లో ఇటలీలో అసెల్లి అనే డాక్టరు, బాగా తిన్న కుక్క పొట్ట కోసి చూస్తూ, పేగుల పక్కన తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తే నరాలనుకున్నాడు, ఒకదాన్ని కోయగానే పాల లాంటి ద్రవం వచ్చింది. ఈ వ్యవస్థ గురించి మనకు గట్టిగా తెలియడం మొదలైంది అక్కడి నుంచే.

ఇక అసలు మాటకు వస్తాను. తెలియక ముందు ఒకలా, తెలిసీ తెలియని రోజుల్లో ఇంకోలా, ఒంట్లో నీటిని బట్టి మనిషి గుణం చెప్పడం చాలాకాలం నడిచింది. గ్రీకు వైద్యులు శ్లేష్మం ఎక్కువున్నవాడు మందకొడిగా ఉంటాడన్నారు. 19వ శతాబ్దం వచ్చేసరికి యూరప్‌లో దానికే లింఫాటిక్ తత్వం అని కొత్త పేరు పెట్టారు. మెత్తటి ఒళ్ళు, పాలిపోయిన ముఖం, నెమ్మది నడక ఉంటే చాలు, వీడిది లింఫాటిక్ తత్వం, వీడు బద్ధకస్తుడు అని రాసేసేవాళ్ళు. పాలిపోయి, ఒళ్ళు బరువెక్కి, నెమ్మదిగా కదిలే మనిషికి థైరాయిడ్ తక్కువై ఉండొచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు, గుండె సరిగా కొట్టకపోవచ్చు. అది గుణం అనేస్తే ఇక వైద్యం ఎవరు చేస్తారు? ఇది ఎప్పుడో పోయిన సంగతి అనుకోకండి. ఇంట్లో కోడలు మధ్యాహ్నం నడుం వాల్చితే మనం అనే మాట ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అయితే లింఫ్ వ్యవస్థకూ మనసుకూ సంబంధం లేదా అంటే, ఉంది, వాళ్ళు చెప్పినట్టు కాదు. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, అన్నం సహించదు, వెలుతురు చూస్తే చిరాకు, గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. ఇదంతా క్రిమి చేసే పని అనుకుంటాం, కానీ చాలావరకు మన తెల్లకణాలు వదిలే సైటోకైన్లనే రసాయనాలు మెదడుకు పంపే సంకేతం. కదలకు, ఉన్న శక్తిని పోరాటానికి వదులు అని. కాలేయ జబ్బు హెపటైటిస్ సి కి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో ఇది చాలా స్పష్టంగా కనబడింది, ఇంటర్‌ఫెరాన్ కూడా అలాంటి రసాయనమే, అది పడ్డ కొన్ని వారాలకు అంతకుముందు నవ్వుతూ తిరిగిన మనుషులు కొందరు డిప్రెషన్‌లోకి పోయారు. వాళ్ళ స్వభావం ఆ కొన్ని వారాల్లో మారిపోయిందా? ఒంట్లో ఒక రసాయనం పెరిగింది, అంతే.

రెండో వైపు నుంచి, అంటే మనసు నుంచి తెల్లకణాల వైపు కూడా దారి ఉంది. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో ఏడర్, కోహెన్ అనే ఇద్దరు ఎలుకలకు తీపి నీళ్ళు తాగించి, వెంటనే రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత మందు లేకుండా ఉత్త తీపి నీళ్ళు ఇస్తే, దానికే ఎలుకల్లో యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. 1975లో ఈ ఫలితం అచ్చయినప్పుడు చాలామంది నమ్మలేదు. నాలుక మీది రుచి, దాని జ్ఞాపకం, తెల్లకణాల దాకా ఎట్లా పోతుంది? తర్వాత తెల్లకణాలు గుమిగూడే ప్లీహంలోకీ లింఫ్ గ్రంథుల్లోకీ నరాలు పోతున్నాయని సూక్ష్మదర్శినిలో చూశాక నోళ్ళు మూతపడ్డాయి. అదే యూనివర్సిటీలో 2012లో నెడర్‌గార్డ్ బృందం, మెదడులో కూడా వ్యర్థాలను కడిగే నీటి దారి ఉందని చెప్పింది. నిద్రలో ఆ పని ఎక్కువ జరుగుతుందని ఎలుకల్లో చూశామన్నారు, ఆ నిద్ర సంగతి మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. 2015లో మెదడు పొరల్లో లింఫ్ నాళాలు బయటపడ్డాయి. మెదడుకు లింఫ్ లేదని చదివి పరీక్ష రాసినవాళ్ళం మేమంతా, ఆ వార్త విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఒక అక్క గురించి చెబుతాను. కోస్తా నుంచి ఇటు పెళ్ళై వచ్చింది, కుడికాలు బోదకాలు. బోదకాలు పురుగు మురికినీటి దోమ కాటుతో వస్తుంది, ఒక్క కాటుతో కాదు, నెలల తరబడి కుడితేనే. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లోనే కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి బతుకుతాయి, పిల్ల పురుగులు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి, అందుకే రక్తపరీక్ష రాత్రి చేస్తారు. ప్రభుత్వం ఊరందరికీ మాత్రలు పంచేది కూడా ఇందుకే, పైకి వాపు లేనివాళ్ళ ఒంట్లోనూ పురుగు ఉండొచ్చు. ఆ అక్క గురించి వాళ్ళింట్లో చెప్పిన మొదటి మాట, ఈమె మొదటి నుంచీ ఇంతేనమ్మా, ఎవరితో కలవదు, పెళ్ళికి రాదు, పేరంటానికి రాదు, ముంగి. అక్క నాతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పింది వేరే. చీర కుచ్చిళ్ళు ఎంత కిందికి దించినా పాదం కనబడుతుంది, చెప్పు పట్టదు, ఎక్కడ కూర్చున్నా అందరి కళ్ళూ అక్కడే.

మేము చేసింది పెద్ద వైద్యం ఏమీ కాదు. రోజుకు రెండుసార్లు మామూలు సబ్బుతో, చల్లటి నీళ్ళతో కాలు కడగడం, ముఖ్యంగా వేళ్ళ సందులు, అక్కడ ఒరిసిన చోట నుంచే క్రిములు లోపలికి పోతాయి, చలిజ్వరం వస్తుంది, జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతుంది. కడిగాక మెత్తటి గుడ్డతో ఒక్కో వేలి సందూ ఒత్తి ఆరబెట్టాలి, రుద్దకూడదు. తర్వాత కింది నుంచి పైకి కట్టు, పాదం దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. జ్వరాలు ఆగాయి. కాలు మామూలు కాలేదు, కాదు కూడా, కానీ జ్వరాలు లేని మనిషి ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడుతోంది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసినవాళ్ళు మీలో ఉంటే, ఆ వైపు గాజులు గమనించండి. నిన్నటి దాకా జారిన గాజు ఇవాళ మణికట్టు దగ్గర పట్టేసినట్టుంటే, కంటికి వాపు కనబడకముందే చెప్పే గుర్తు అదే. ఆపరేషన్ అయిన ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. తొందరగా వస్తే మా చేతుల్లో పని సులువు.

లింఫ్‌కు గుండె లాంటిది లేదు. నాళాల గోడలు వాటంతటవే ముడుచుకుంటాయి, మిగతాది మన పిక్కల కదలిక, ఊపిరి. బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలు, హైదరాబాద్ బస్సులో కాళ్ళు వేలాడేసి కూర్చునేవాళ్ళు మడమలు ఎత్తి దించుతూ ఉంటే చాలు. ఫోన్లో చూపించే లింఫ్ డిటాక్స్ పొడులకు మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టకండి, లింఫ్‌ను కడిగే పొడి లేదు. రెండు కాళ్ళూ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే ముందు గుండె, కిడ్నీ, కాలేయం చూపించుకోవాలి, కట్టు తర్వాత. మెడలో బిళ్ళ రెండు వారాలకూ తగ్గకపోతే, అందులోంచి సూదితో కాస్త తీసి చూసే పరీక్ష చేయించుకోండి, మన దేశంలో అది టీబీ కావడం మామూలే, ఆరు నెలల మందులతో నయమవుతుంది.

ఇప్పుడు అందరూ చెప్పులు విప్పండి. బొటనవేలి పక్క వేలు, దాని మొదట్లో పైన చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగండి. సన్నటి మడత వస్తే మంచిది. మడత పట్టుబడకుండా చర్మం మందంగా, అంటుకుపోయినట్టు ఉంటే లింఫ్ దారిలో అడ్డం ఉందని అనుమానించాలి. అలాంటివాళ్ళు ఇక్కడ చేయెత్తక్కర్లేదు, పక్క గదిలో నేను ఆరింటి దాకా ఉంటాను, ఒక్కొక్కరుగా రండి.