ఎనిమిది డాలర్ల బాకీ: ఆండీ హార్డీ ప్రేమకథ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం చూడబోతున్న ‘లవ్ ఫైండ్స్ ఆండీ హార్డీ’ 1938 జులైలో విడుదలైంది. కథ మాత్రం క్రిస్మస్ ముందరి డిసెంబరు రోజులది. నడి వేసవిలో జనాన్ని మంచుకాలపు పండుగకు పిలవడానికి హాలీవుడ్ నిర్మాణ సంస్థ ఎం.జి.ఎం. ఏమాత్రం జంకలేదు. పేరులో ప్రేమ ఉన్నా ఈ కథను నడిపేది ఎనిమిది డాలర్ల బాకీ అని నా అభిప్రాయం. సినిమా చూస్తున్నంతసేపూ ఆ లెక్క మీద ఒక కన్ను వేసి ఉంచమని మనవి.

కార్వెల్ అనే చిన్న ఊళ్లో జడ్జి హార్డీ కొడుకు ఆండీ ఇరవై డాలర్లకు ఒక పాత కారు బేరమాడి, పన్నెండు కట్టేశాడు. మిగతా ఎనిమిది పండుగలోపే చెల్లించాలి. పండుగ ముందురోజు రాత్రి జరిగే డ్యాన్సుకు ప్రియురాలు పోలీ బెనెడిక్ట్‌ను సొంత కారులో తీసుకువెళ్లాలని అతని కోరిక. తీరా చూస్తే పోలీ వాళ్ల అవ్వగారింటికి ప్రయాణమైంది. అదే సమయానికి ఊరు విడిచి వెళుతున్న స్నేహితుడు బీజీ ఒక ఒప్పందం తెచ్చాడు: తాను తిరిగి వచ్చేదాకా తన ప్రియురాలు సింథియా మీద మరో కుర్రాడి కన్ను పడకుండా ఆండీయే ఆమెను వెంట తిప్పాలి, అందుకు ఎనిమిది డాలర్లూ ఖర్చులూ ఇస్తాడు. లానా టర్నర్ పోషించిన ఈ సింథియాకు ముద్దులు తప్ప మరే సరదా పట్టదు. కొన్నాళ్లకు బీజీ మనసు వేరే అమ్మాయి మీదికి మళ్లి ఒప్పందం గాలికి పోతుంది, పోలీ అనుకోకుండా తిరిగి వస్తుంది, బాకీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆ ఏడాది అమెరికా ఆర్థిక మాంద్యం నుంచి ఇంకా తేరుకోలేదు. కార్వెల్ వీధుల్లో ఆ ఛాయలు దాదాపు కనిపించవు. కానీ ఎనిమిది డాలర్లు పెద్ద మొత్తమేనని ఊళ్లో ప్రతివారూ ఒప్పుకుంటారు. మాంద్యం ఈ కథలోకి వచ్చింది ఆ ఒక్క దారినే అనిపిస్తుంది. తలుచుకుంటే జడ్జిగారు ఆ డబ్బు క్షణంలో ఇవ్వగలరు. ఆయన ఇవ్వగలిగి ఉండడం వల్లనే మనం నిశ్చింతగా నవ్వగలుగుతున్నాం. బియ్యం కొట్టు బాకీ అయితే ఈ కథ హాస్యం కాదు.

జడ్జిగా లూయిస్ స్టోన్, ఆండీగా మికీ రూనీ ఎదురెదురుగా ఉండే తండ్రీకొడుకుల సంభాషణను ప్రత్యేకంగా గమనించండి. రూనీ ఒంట్లో ఒక్క అవయవమూ కుదురుగా ఉండదు. స్టోన్ దాదాపు కదలడు. పెద్దాయన కోప్పడడు, ప్రశ్న వేసి ఊరుకుంటాడు, సమాధానం వెతుక్కోవలసిన భారం కుర్రవాడిది. హార్డీ కుటుంబం కథలతో ఎం.జి.ఎం. తీసిన ఈ చిత్రాల వరుసలో ఇలాంటి మాటామంతీ తప్పనిసరి ఘట్టమైపోయింది. 1937లో వచ్చిన మొదటి చిత్రం ‘ఎ ఫ్యామిలీ ఎఫైర్’లో జడ్జి పాత్ర లయనెల్ బ్యారీమోర్‌ది, ఆరానియా రూవెరోల్ రాసిన ‘స్కిడ్డింగ్’ నాటకం దానికి ఆధారం. అప్పటికి కథ బరువంతా తండ్రిదే. నాలుగోదైన ఈ చిత్రంతోనే కొడుకు పేరు టైటిల్‌లోకి ఎక్కింది. దర్శకుడు జార్జ్ బి. సైట్జ్ మితమైన ఖర్చుతో, అవే ముఖాలతో, కల్వర్ సిటీ స్టూడియో స్థలంలో వేసిన వీధిలో ఈ ఊరిని మళ్లీ మళ్లీ నిలబెట్టాడు.

ఇక జూడీ గార్లండ్. పక్కింటికి సెలవులకు వచ్చిన బెట్సీ బూత్‌గా ఆమెకిది ఈ వరుసలో తొలి చిత్రం. విడుదలనాటికి వయసు పదహారు. బొమ్మలకు పెద్దదై, కుర్రాళ్లకు చిన్నదై మిగిలిన పిల్ల బాధను రోజర్ ఎడెన్స్ కట్టిన పాటలో ఆమె పాడుతుంటే, ఆండీ గోలంతా కాసేపు అల్పంగా తోస్తుంది. సింథియాను తెలివిగా తప్పించేదీ, పోలీ అలక తీర్చేదీ ఈ అమ్మాయే. ఆమెకు దక్కింది ఒక్క రాత్రి డ్యాన్సు. ఊరందరి బాకీలూ తీర్చిన ఈ సినిమా బెట్సీ బాకీని మాత్రం మరచింది. 1940, 1941 చిత్రాల్లో ఆమెను మళ్లీ పిలిచినా ఆ లెక్క సరిచేయలేదు. నాకు ఈ వరుస మీద ఉన్న ఫిర్యాదు ఇదే.

ప్రేక్షకులకు అలాంటి ఫిర్యాదేమీ లేదు. రూనీ 1939 నుంచి మూడేళ్లు వరుసగా అమెరికాలో వసూళ్ల పరంగా మొదటి స్థానంలో నిలిచాడు. అమెరికా జీవన విధానాన్ని చూపినందుకని ఈ వరుస నిర్మాణానికి ఎం.జి.ఎం.కు 1943లో ఆస్కార్ బహుమతులిచ్చే అకాడమీ ప్రత్యేక గుర్తింపు లభించింది. ఏ అమెరికా, ఎవరి అమెరికా అని అడగవలసిందే; తెల్లవారి మధ్యతరగతి ఇంటి గడప దాటి ఈ కథలు ఎంతో దూరం పోలేదు.

1946 నాటికి పదిహేను చిత్రాలయ్యాయి. స్టోన్ 1953లో మరణించాడు. 1958లో ‘ఆండీ హార్డీ కమ్స్ హోమ్’ పేరుతో పదహారోది తీసి కథను మళ్లీ నడపాలని చూశారు గానీ, అప్పటికి ప్రశ్న వేసి ఊరుకునే తండ్రి తెరమీద లేడు, ఇలాంటి కుటుంబ హాస్యం టెలివిజన్‌లో ప్రతి వారం ఇంటికే వస్తోంది. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది.