వేలంపాటలో పాత వాచ్: ముందు చూడాల్సింది డయల్

హోస్ట్: అందరూ అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతానండీ. కీ ఇస్తే తిరిగే ఒక చేతి వాచ్‌కి కోటి డాలర్లు ఎందుకు పెడతారు?

అతిథి: ఒక్కో వాచ్‌కి ఒక్కో కారణం ఉంటుందండీ. 2017 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో ఫిలిప్స్ అనే వేలం సంస్థ హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంత రోలెక్స్ డేటోనాను వేలం వేసింది. ఆయన కార్ రేసులకి వెళ్లేవారు కదా, ‘జాగ్రత్తగా నడుపు’ అని భార్య జోన్ వుడ్‌వర్డ్ దాని వెనక మూతపై చెక్కించి ఇచ్చారు. మొదటి పాటే కోటి డాలర్లు! పాట ముగిసినట్టు చెప్పే సుత్తి దెబ్బ కోటీ 55 లక్షల దగ్గర పడింది. కొన్నవాళ్లు కట్టింది మాత్రం కోటీ 77 లక్షల పైనే.

హోస్ట్: ఆ తేడా ఏమిటి?

అతిథి: వేలం సంస్థ కమీషన్. కొనేవాళ్లే కట్టాలి. కొత్తవాళ్లు ఇది మర్చిపోయి పాట పాడేస్తారు, తర్వాత టెన్షన్ పడతారు.

హోస్ట్: అంత పేరున్న యజమాని లేకపోతే?

అతిథి: అప్పుడు అరుదుతనం చూస్తారు. స్విస్ కంపెనీ పటెక్ ఫిలిప్ చేసిన 1518 అనే మోడల్ ఒకటుంది, 1941లో వచ్చింది. ఏ నెలకి ఎన్ని రోజులో, లీపు సంవత్సరం ఎప్పుడో దానికే తెలుసు. మొత్తం 281 చేశారు, దాదాపు అన్నీ బంగారంవే. స్టీల్‌వి నాలుగే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016లో జెనీవాలో కోటీ 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది.

హోస్ట్: బంగారం కన్నా స్టీల్‌కి ఎక్కువా!

అతిథి: అవునండీ. కానీ నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఆ వాచ్‌ని ఎవరూ ముట్టుకోకుండా ఉండటం. మెరుస్తుందని పాలిష్ పట్టిస్తే కేసు, అంటే వాచ్ బయటి లోహపు తొడుగు, అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. డయల్‌కి మళ్లీ రంగు వేయిస్తే అసలు అక్షరాలే పోతాయి. పోయినవి తిరిగి రావు. అందుకే కాస్త వాడిపోయినా, మొదటి డయల్ ఉన్న వాచ్‌నే నేను ఎంచుకుంటాను.

హోస్ట్: అసలుదో కాదో తేల్చడానికి పేర్లు, కాగితాలు చాలవా?

అతిథి: చాలవు. 2021 నవంబర్‌లో జెనీవాలో గోధుమరంగుకి తిరిగిన డయల్ ఉన్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల ఫ్రాంకులు దాటింది. అంచనా లక్షా 20 వేలు మించలేదు. కొన్నది ఒమేగానే, తన మ్యూజియం కోసం! 2023లో ఆ కంపెనీయే, అది వేర్వేరు వాచ్‌ల భాగాలు కలిపి తయారుచేసిందని, అందులో తన మాజీ ఉద్యోగుల హస్తం ఉందని ప్రకటించింది. తయారుచేసినవాళ్లే మోసపోయారంటే మనమెంత జాగ్రత్తగా ఉండాలి చెప్పండి!

హోస్ట్: మరి మీరేం చేస్తారు?

అతిథి: కండిషన్ రిపోర్ట్, అంటే వాచ్ ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక, తెప్పించుకుంటాను. వేలానికి ముందు ప్రదర్శనలో వాచ్‌ని చేతిలోకి తీసుకుని భూతద్దంతో చూస్తాను. ముళ్ల మీద చీకట్లో మెరిసే రంగు, డయల్ చుక్కల మీది రంగు ఒకేలా పాతబడ్డాయా లేదా అన్నది మొదట చూస్తాను. తేడా ఉంటే ముళ్లు మార్చారేమోనని అడుగుతాను. కమీషన్ కూడా కలిపి నా హద్దు కాగితం మీద రాసుకుంటాను.

హోస్ట్: పాట ఆ హద్దు దాటితే?

అతిథి: చేయి దించేస్తాను. ఒకసారి ఎంతో ఇష్టపడ్డ వాచ్‌ని అలాగే వదిలేశానండీ. చాలా ఏళ్లయింది. ఆ డయల్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.