విదేశాల్లో మన పేరు, దానికి చెన్నైలో పునాది

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్న చాలామంది సరుకు ఇప్పటికే సముద్రం దాటుతోంది. కారప్పొడి సింగపూర్ వెళ్తోంది, ఆవకాయ అమెరికా వెళ్తోంది, చీరలు మలేషియా వెళ్తున్నాయి. సరుకైతే వెళ్లింది గాని, దాని మీది పేరుకు అక్కడ రక్షణ లేదు. ఆ సంగతి మాట్లాడడానికే వచ్చాను.

చెన్నై గిండీలోని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ఆఫీసు నుంచి మనకు వచ్చే ట్రేడ్‌మార్క్ హక్కు మన దేశం సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. ఎంత పెద్ద కంపెనీకైనా ఇదే లెక్క. టయోటా వాళ్ల ప్రియస్ కారు జపాన్‌లో 1997లోనే రోడ్డెక్కింది. ఢిల్లీలో కారు విడిభాగాలు చేసే సంస్థ ఒకటి 2001 నుంచి ఇక్కడ అదే పేరు వాడుతూ, రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకుంది. టయోటా కోర్టుకెక్కింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017 డిసెంబరులో తేలింది. 2001 నాటికి ప్రియస్‌ పేరు భారతదేశంలో జనానికి తెలుసనడానికి చాలినంత రుజువు లేదని కోర్టు టయోటా వాదన ఒప్పుకోలేదు. అంత పెద్ద కంపెనీకే ఇక్కడ అలా జరిగితే, వేరే దేశంలో మన ప్యాకెట్ మీది పేరుకు దిక్కెవరో ఆలోచించండి.

దేశదేశానికీ వెళ్లి విడివిడిగా దరఖాస్తు పెట్టుకోనక్కర్లేని దారి ఒకటుంది. దాన్ని మాడ్రిడ్ పద్ధతి అంటారు. మన దేశంలో 2013 జులై 8 నుంచి అమల్లో ఉంది. ఇక్కడి దరఖాస్తును ఆధారంగా చూపించి, మన రిజిస్ట్రీ ద్వారానే జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోకు ఒకే దరఖాస్తు పంపుతాం. అందులో కావలసిన దేశాలు ఎంచుకుంటాం. మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, గుర్తు రంగుల్లో ఉంటే 903. దేశాల రుసుములు దీనికి అదనం. పదేళ్లకోసారి రెన్యువల్ కూడా ఒక్కచోటే. మన దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు ఇది వేస్తే, ఇక్కడి తేదీయే ఆ దేశాల్లోనూ లెక్కకొస్తుంది. ఆ ఆరు నెలలు ఎంత విలువైనవో పోగొట్టుకున్నవాళ్లకే తెలుసు.

దీన్ని కొందరు ప్రపంచ ట్రేడ్‌మార్క్ అని చెప్పి డబ్బు తీసుకుంటున్నారు. నమ్మకండి. ప్రతి దేశమూ తన చట్టం ప్రకారమే పరీక్షిస్తుంది. కాదనడానికి 12 నెలలో 18 నెలలో గడువు ఉంటుంది. కాదంటే ఆ దేశపు లాయరుతోనే జవాబు చెప్పించుకోవాలి. అన్ని దేశాలూ ఇందులో సభ్యులు కూడా కావు. దుబాయ్‌కి పంపేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, ఎమిరేట్స్ చేరింది 2021 చివర్లోనే. అందుకే ముందు సభ్యదేశాల జాబితా చూసుకోండి.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. మా అక్క పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతుంది. 2020లో మూడు దేశాలకు మాడ్రిడ్ దరఖాస్తు పంపాం. ఇక్కడి దరఖాస్తు అప్పటికి ఇంకా రిజిస్టర్ కాలేదు. అది తప్పేమీ కాదు, పెండింగ్ దరఖాస్తు మీద కూడా పంపొచ్చు. కాని రిజిస్ట్రీ ప్రచురించే ట్రేడ్‌మార్క్ జర్నల్లో పడ్డాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు ఉంటుంది, ఆ గడువులో వేరే రాష్ట్రం వ్యాపారి ఒకాయన అభ్యంతరం వేశారు. దాదాపు అదే పేరును ఆయన మాకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచి వాడుతున్నారు. ఇక్కడ మా దరఖాస్తు కొట్టేశారు. దాంతో మూడు దేశాల్లోనూ మా హక్కు పోయింది. అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ మొదటి ఐదేళ్లూ ఇక్కడి దరఖాస్తు మీదే నిలబడుతుంది. ఆ ఐదేళ్లలో మొదలైన గొడవ ఆరో ఏట తేలినా ఫలితం అంతే.

అలా అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ రద్దయిన మూడు నెలల్లోపు ఒక్కో దేశంలో విడిగా దరఖాస్తు వేసుకుంటే పాత తేదీ నిలుస్తుంది. మేం రెండు దేశాలకే వేయగలిగాం, డబ్బు అంతవరకే సరిపోయింది. ఆ పేరు పంపేముందు రిజిస్ట్రీ సైట్లో ఉచితంగా వెతకొచ్చు, బజార్లో నలుగురిని అడగొచ్చు. ఆ వెతుకులాట తొందరలో సరిగా జరగలేదు. ఆ దరఖాస్తు తయారు చేసింది నేనే. అక్క ఒక్క మాట అనలేదు గాని, ఆ సంక్రాంతికి ఆమె ముఖం చూడడం నాకు కష్టమైంది.

అందుకే మీ దగ్గరికి వచ్చినవాళ్లు జెనీవా గురించి మాట్లాడుతుంటే, మీరు ఇక్కడి దరఖాస్తు గురించి అడగండి. అందులో ఉన్న గుర్తునే అక్కడికి పంపాలి, చిన్న మార్పు కూడా కుదరదు. ఇక్కడ తెలుగు అక్షరాలతో వేసి, అమెరికా ప్యాకెట్ మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేస్తుంటే ఆ రెండింటికీ రెండు దరఖాస్తులు కావాలి. ఇక్కడ రాయని సరుకు అక్కడ చేర్చలేం. సరుకుల్ని రకాన్ని బట్టి క్లాసులుగా విడగొట్టారు: కారప్పొడి 30వ క్లాసు, కూరగాయల పచ్చళ్లు 29వ క్లాసు. ఒక్క 30లోనే వేసినవాళ్ల ఆవకాయ బయటే ఉండిపోతుంది. ఇక్కడ అబ్బాయి పేరున వేసి, అక్కడ కంపెనీ పేరున పంపడమూ కుదరదు, దరఖాస్తుదారు ఒకరే కావాలి. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. విదేశీ రుసుములతో పోలిస్తే ఇది ఎంత? ఇక్కడ మాత్రం పొదుపు చేయొద్దు.

మీ ప్యాకెట్లు, లేబుళ్లు తెచ్చుకున్నవాళ్లు వెనక బల్ల దగ్గరికి రండి. ఒక్కొక్కరి పేరూ రిజిస్ట్రీ సైట్లో మీ ఎదుటే వెతికి చూద్దాం. ముందుగా, వచ్చే నెలలో సరుకు పంపబోతున్నవాళ్లు రండి.